తప్పు లేని చీర

ముందే చెప్పుకుంటున్నాను, నాకు రాయడం రాదు. ఐదో తరగతి అయ్యాక బడి మానిపించారు. ఒత్తులు ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ అనుమానమే. ల రాయాలా ళ రాయాలా అన్నచోట చెయ్యి ఆగిపోతుంది. మా వీధిలో చదువుకున్న పిల్లలు నేత ఇళ్ళ ముసలివాళ్ళ చేత పాత సంగతులు రాయించి పుస్తకం వేస్తారట. "నీకు రామేశ్వరం కత ఉండాది గదవ్వా, అది రాయి" అని నా వెంట పడ్డారు. ఆ కథ నోటితో వందసార్లు చెప్పి ఉంటాను. కాగితం ముందర కూర్చుంటే మాత్రం చేతికి చెమట పడుతోంది. పలక అయితే ఉమ్మేసి తుడిచేసేదాన్ని. కొట్టివేతలు కనిపిస్తే ఏమనుకోవద్దు.

అప్పుడు నాకు పెళ్ళయి ఏడాది. మా ఆదోని, ఎమ్మిగనూరు బళ్ళారి జిల్లాలోంచి విడిపోయి కొత్తగా ఆంధ్రలో కలిసిన రోజులు. ఎమ్మిగనూరులో నేసేవాళ్ళ వీధిలో మా అత్తవారిల్లు. ఇంట్లో రెండు మగ్గాలు. ఒకదాని మీద మా మామ, ఇంకొకదాని మీద మా ఆయన. అత్తా నేనూ రాట్నం తిప్పి నూలు కండెలు చుట్టి ఇచ్చేవాళ్ళం.

మా మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని తొక్కేది. కాలు ఆడకపోతే చేతులున్నా లేనట్టే. నా పెళ్ళికి ముందు మామ కుడి కాలి మీదుగా బండి చక్రం పోయింది. ఆరు నెలలు మంచం మీదే ఉన్నాడు. కట్టు కట్టించారు, పసర్లు పోయించారు, ఉరుకుంద ఈరన్న సామికి టెంకాయలు కొట్టారు. వాళ్ళమ్మ బతికినన్నాళ్ళూ రామేశ్వరం, రామేశ్వరం అని కలవరించి, చూడకుండానే పోయిందట. అది గుర్తొచ్చి, "ఈ కాలు మళ్ళా మగ్గం తొక్కితే, మొదట నేసిన చీర రామేశ్వరం అమ్మవారికే" అని మొక్కుకున్నాడు. కాలు నయమైంది. నేను కాపురానికి వచ్చేసరికి మగ్గం మీద కూర్చున్నాడు, అన్న మాట ప్రకారం ముందు ఆ చీరే నేశాడు. నేసినన్ని రోజులూ మమ్మల్ని ఎవ్వరినీ ఆ మగ్గం పక్కకు రానివ్వలేదు. కండెలు కూడా గడప దగ్గర పెట్టి పొమ్మనేవాడు.

ఇంకొక సంగతి చెప్పకపోతే మీకు తర్వాతది అర్థం కాదు. ఆ ఏడాది మా వీధి మగ్గాలన్నిటి మీదా ఒకే రకం నడిచింది. వంకాయ రంగు చీర, పసుపు అంచు. నేతలో తప్పు పడిన చీరను ఎవరూ కొనరు. అది నేసినవాళ్ళ ఇంటి ఆడవాళ్ళకే వస్తుంది. అందుకని మా వీధి ఆడవాళ్ళందరం వంకాయ రంగే. ఉతికి తీగ మీద ఆరేస్తే ఎవరిది ఏదో తప్పును బట్టి గుర్తుపట్టేవాళ్ళం. అత్త చీరకు అంచు ఒకచోట వంకర పోయింది. పక్కింటి పెద్దమ్మ చీరకు రంగు నిలవదు. నా చీరకు కొంగు కింద జానెడు దూరంలో మూడు పోగులు తప్పాయి. అక్కడ వేలు పెడితే లోపలికి దూరిపోయేది. ఊరికే కూర్చున్నప్పుడు ఆ సందులో వేలు పెట్టి తిప్పడం నాకు అలవాటైపోయింది. అత్త చూస్తే చేతి మీద కొట్టేది.

అమ్మవారి చీర కూడా వంకాయ రంగే, పసుపు అంచే. దాంట్లో తప్పు లేదు. అంతే తేడా.

చీర అయ్యాక మగ్గం మీది పడుగు, అంటే నిలువు పోగులు, చివర రెండు మూరలు మిగిలింది. మామ దాన్ని కూడా నేసి, రవిక గుడ్డగా కోసి అత్త చేతిలో పెట్టాడు. పాతికేళ్ళ కాపురంలో అత్తకు మగ్గం మీది నుంచి నేరుగా, తప్పు లేకుండా వచ్చిన గుడ్డ అదొక్కటే. మా ఆయన్ను మగ్గం దగ్గర వదిలి మేము పదకొండు మందిమి ఆదోనిలో రైలెక్కితే, గుంతకల్లు రాకముందే అత్త ఆ గుడ్డను పెట్టెలో ఉన్న ఆడవాళ్ళందరికీ చూపించింది. వచ్చేటప్పుడు మద్రాసులో మిషను మీద కుట్టించుకోవాలని ఆమె ఆశ.

"చేతులకు బుట్టలు పెట్టించుకుంటావా యేం?" అంది పెద్దమ్మ.

"పెట్టించుకుంటా. నీకేం కడుపుమంట?" అంది అత్త.

ఈ పెద్దమ్మ భర్త పోయిన మనిషి, అత్త కంటే పెద్దది, నోరు కూడా పెద్దదే. ఆమె కాక మాతో వచ్చినవాళ్ళలో మీరు గుర్తుపెట్టుకోవలసింది ఒక అన్నను. అత్తకు మేనల్లుడు, నాకు అన్న వరస, ఆదోనిలో పత్తి మిల్లులో పని. తనకు అరవం వచ్చని చెప్పి మాకు దారి చూపించడానికి వచ్చాడు. ఆయనకు వచ్చిన అరవం మూడు మాటలని మద్రాసులోనే తెలిసిపోయింది.

రామేశ్వరం చుట్టూ సముద్రమే. మేం అక్కడ మూడు రోజులున్నాం. మొదటి రెండు రోజుల సంగతి రాస్తే పుస్తకం చాలదు. కడపటి రోజు మాత్రం చెప్తాను. ఆ రోజు మధ్యాహ్నం మూడుకు మా రైలు. ఆ లోపల సముద్ర స్నానం, గుడిలో ఇరవై రెండు బావుల స్నానం, అమ్మవారికి చీర, భోజనం, అన్నీ కావాలి. మధ్యాహ్నం గుడి తలుపులు మూసేస్తారు.

తెల్లవారుతూనే సముద్రంలో దిగాం. పెద్దమ్మ తన వంకాయ చీరతోనే దిగింది. మూడు మునకలు వేసి లేచేసరికి ఆమె చుట్టూ నీళ్ళు రంగు మారిపోయాయి.

"ఏమే, నా సుట్టూ సూడండే! వంకాయ పులుసు మాదిరి ఉండాది!" అని అరిచింది.

"సముద్రానికే రంగేస్తివి గదక్కా," అంది అత్త. "బిరబిర బయటికి రా, సేపలన్నీ వంకాయ రంగుకు తిరుగుతాయి."

అక్కడి నుంచి తడి బట్టలతో గుడికి పోయాం. ఆ గుడి వసారా చూసినవాళ్ళకు చెప్పనక్కరలేదు. అటు కొసన ఉన్న మనిషి ఇటు కొస నుంచి చీమంత కనిపిస్తాడు. రెండు వైపులా స్తంభాలు, పైన రాతి కప్పు. అందరూ దండాలు పెట్టుకుంటూ నడుస్తుంటే మామ మాత్రం మధ్యలో నిలబడి ఒక కన్ను మూసి చూశాడు. మా వీధిలో పడుగు సాచి గంజి పెట్టాలంటే ఆరుబయట పెట్టాలి. వాన చినుకు పడితే అంతా పాడు.

"ఈడ పడుగు సాస్తే వానకు భయమే లేదు," అన్నాడు మామ. "ఎంత పొడుగుండాదో సూడప్పా."

"గుడిలో పడుగు సాస్తాడంట!" అన్నాడు ఆదోని అన్న. "మరి సామి ఊరేగింపుకు ఎట్ల బయటికొస్తాడు మామా?"

"పక్కన్నుంచి పోతాడులే. ఆయనకూ గుడ్డలు గావల్ల గదా."

బావుల దగ్గర గట్టు మీద మనిషి నిలబడి బొక్కెనతో తోడి మన నెత్తిన కుమ్మరిస్తాడు. ఒక బావి నీళ్ళు ముఖం మీద నుంచి కారకముందే ఇంకొక బావికి పరుగు. బట్టల మూట ఒక స్తంభం దగ్గర పెట్టి పోయాం. అందులో మా పొడి చీరలున్నాయి. అన్నిటికంటే పైన, నలగకుండా, తెల్ల గుడ్డలో చుట్టిన అమ్మవారి చీర ఉంది. అత్త దాన్ని ఆ రోజే పెట్టెలోంచి తీసి మూటలోకి మార్చింది.

అందరికంటే ముందు పెద్దమ్మ స్నానం ముగించుకుని మూట దగ్గర కాపలా కూర్చుంది. కూర్చున్న మనిషి ఊరికే ఉండకుండా వంగి తల పిండుకుంది, కొంగు పిండుకుంది. మేం పోయేసరికి మూట పైనున్న తెల్ల గుడ్డ మీద వంకాయ రంగు చుక్కలు.

"అయ్యో నీ ఇల్లు బంగారం గాను! అమ్మ సీర మీద పిండుకుంటాండావు గదక్కా!" అని అత్త పరుగున పోయి ఆ తెల్ల గుడ్డను గబగబా విప్పేసింది. లోపల చీరకు తడి తగల్లేదు. అత్త ఊపిరి పీల్చుకుని, తెల్ల గుడ్డను జాడించి ఎండలో వేసింది. చీరను మాత్రం మూటలోనే మిగతావాటి పక్కన పెట్టింది.

ఇద్దరు ఆడవాళ్ళు దుప్పటి అడ్డం పట్టుకున్నారు. నేను వణుకుతున్నాను. కళ్ళనిండా నీళ్ళు, వెంట్రుకలు ముఖానికి అతుక్కుని ఉన్నాయి.

"మూటలో నీ సీర ఉండాది, తీసుకో. బిర్రున కట్టుకో, నేను గూడ మార్సుకోవల్ల," అంది అత్త.

నేను చెయ్యి పెట్టి చేతికొచ్చిన వంకాయ చీర లాగి చుట్టుకున్నాను. కొద్దిగా గంజి వాసన వచ్చింది. పట్టించుకోలేదు.

మగవాళ్ళు పళ్ళెంలోకి టెంకాయ, పూలు, అరటిపళ్ళు తెస్తామని అంగళ్ళకు పోయారు. అత్త ఆరిన తెల్ల గుడ్డను తెచ్చి, మూటలో మిగిలిన వంకాయ చీరను హడావిడిలో సరిగ్గా చూడకుండానే దాంట్లో చుట్టి, నా ఒడిలో పెట్టింది. "భద్రం. ఎవురికీ ఇయ్యొద్దు" అని చెప్పి, ఇంటికి తీసుకుపోవడానికి సముద్రపు ఇసుక ఎత్తుకొస్తానని కొందరితో ఒడ్డుకు దిగిపోయింది. నేనూ పెద్దమ్మా గుడికీ సముద్రానికీ మధ్య, రెండు వైపులా మెట్లున్న మండపం పై మెట్టు మీద కూర్చుని తల ఆరబెట్టుకుంటున్నాం.

గాలి బాగుంది. ఎండ ఉన్నా ఉక్క లేదు. దూరంగా పడవలు. ఒకామె గవ్వలు పరుచుకుని కూర్చుంది. ఇంటికి పోతున్నామని ఒక సంతోషం, ఇంత నీళ్ళు మళ్ళీ ఎప్పుడు చూస్తామో అని ఒక దిగులు. ఆ ధ్యాసలో నా వేలు అలవాటు కొద్దీ కొంగు కింద సందు కోసం వెతికింది.

సందు లేదు.

ఇంకొంచెం కిందికి పోయాను. లేదు. పక్కకు పోయాను. లేదు. కొంగు అంతా ఒడిలోకి లాక్కుని వెలుతురుకు పెట్టి చూశాను. పోగు పక్కన పోగు, ఎక్కడా తప్పు లేదు. ఒడిలోని తెల్ల గుడ్డను కొద్దిగా విప్పి వేలు పెట్టాను. వేలు సరిగ్గా లోపలికి దూరింది.

మామ కాలితో నేసిన మొక్కు చీర నేను కట్టుకుని ఉన్నాను. మూడు పోగులు తప్పిన నా చీర అమ్మవారి కోసం తెల్ల గుడ్డలో ఉంది.

నా పక్కన ఉన్నది పెద్దమ్మ ఒక్కతే. ఆమెకు చెప్పడమంటే ఆదోని సంతలో దండోరా వేయించడమే. అయినా ఇంకెవరికి చెప్పుకోను? చెవిలో చెప్పాను. ఆమె అరవలేదు. నోరు తెరిచి, మూసి, ఒడ్డు వైపు చూసి, నెమ్మదిగా అంది:

"గమ్మునుండు. ఇప్పేయ్. మడిసి గుడ్డలో పెట్టేద్దాం. అమ్మవారు అడుగుతాదా? ఆడదే గదా, ఆమెకు తెల్దా!"

"మామకు తెలిస్తే?"

"నువ్వు సెప్తేనే గదే తెలిసేది!"

దుప్పటి చాటున చీర మార్చుకున్నాను. ఇక మడత పెట్టాలి. అమ్మకానికి పోయే చీరను మడిచేది వేరే తీరు. అంచు మీద అంచు కూర్చోవాలి, వెంట్రుక వాసి పక్కకు పోకూడదు. దాన్ని మగవాళ్ళే మడుస్తారు. నేను రోజూ చూసేదాన్నే గానీ చేత్తో పట్టలేదు. నేనొక కొస, పెద్దమ్మ ఒక కొస పట్టుకున్నామో లేదో, సముద్రపు గాలికి చీర పడవ తెరచాప మాదిరి పొంగింది. పెద్దమ్మ రెండు మెట్లు కిందికి జారింది.

"పట్టుకోవే! అమ్మవారి సీర సింహళం పోతాండాది!"

గవ్వలమ్మే ఆమె పకపకా నవ్వుతూ లేచి వచ్చి మధ్యలో పట్టుకుంది. ముగ్గురం కలిసి ఎట్లానో మడిచాం. ఒక మూల పైకి, ఒక మూల కిందికి. మడతల్లో ఇసుక. మళ్ళీ విప్పుదామంటే మామ, అన్న పళ్ళెం పట్టుకుని వచ్చేస్తున్నారు. అటువైపు నుంచి అత్త ఇసుక మూటతో మెట్లెక్కుతోంది.

మామ తెల్ల గుడ్డ విప్పి చీరను చేతుల్లోకి తీసుకున్నాడు. జలజలా ఇసుక రాలింది. మామ అరచేత్తో మడత మీద రాశాడు.

"ఎవురు మడిసినారిది?"

"గాలికి సెదిరిపోయింటే మేమే మడిస్తిమప్పా," అంది పెద్దమ్మ, రెప్ప కూడా కొట్టకుండా.

"ఓ... సరేలే. పదండి, తలుపులేస్తారు," అన్నాడు మామ. నమ్మేశాడు. పెద్దమ్మ నా నడుము మీద గిల్లింది.

తప్పించుకున్నాను. అట్లే నోరు మూసుకుని వెనకాల నడిచి ఉంటే ఈ కథే లేదు. అయితే మామ నా ముందర గుడి వైపు మెట్లు దిగుతున్నాడు. కాలు నయమైనా ఆయన మెట్టు దిగేటప్పుడు కుడి పాదాన్ని ముందు వేలి కొసలతో తాకించి, తర్వాత మెల్లగా బరువు మోపేవాడు. మగ్గం గుంటలోకి దిగేటప్పుడూ అంతే. నేను రోజూ పొద్దున చూసేదాన్ని. ఆ కాలును చూసేసరికి నాకు భయమేసింది. నా మూలంగా మొక్కు చెడితే? ఆ కాలు మళ్ళీ పడిపోతే? ఆయన కూర్చున్న మంచం, మూతబడిన మగ్గం నేను చూడలేదు గానీ అత్త ఎన్నోసార్లు చెప్పింది.

కోడలిగా వచ్చి ఏడాదైనా నేను మామతో ముఖాముఖి మాట్లాడి ఎరగను. ఏం కావాలన్నా అత్తతో చెప్పాలి, అత్త ఆయనతో చెప్పాలి. ఆ రోజు మెట్ల మీద నిలబడి, "మామా" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

మామ తిరిగి చూశాడు. అందరూ తిరిగి చూశారు.

"ఆ సీర నేను కట్టుకుంటిని మామా. తెలీక. నాదనుకుంటి. ఇంతకుముందే ఇప్పినా."

మామ చీరను ఒడిలో పెట్టుకుని మెట్టు మీద కూర్చున్నాడు. ఆయన తిట్టి ఉంటే నాకు ఏడవడానికి వీలుగా ఉండేది.

తిట్టింది అత్త. "నీ కండ్లు యాడ పెట్టినావే? కొత్త సీరకు పాత సీరకు తేడా తెల్దా నీకు? నేతోళ్ళ ఇంట్లో పుట్టినదానివేనా?"

"దాన్నంటావేం? పైన సుట్టిన గుడ్డ ఇప్పింది నువ్వు గాదా?" అంది పెద్దమ్మ.

"నీ సీర రంగు కారబట్టి గాదా నేను ఇప్పింది!"

"నా సీరకు రంగేసినోడు సరిగ్గా ఎయ్యకపోతే నేనేం జేసేది?"

"అయితే ఆ రంగేసినోన్ని పట్టుకోవల్ల," అన్నాడు అన్న. "ఊర్లో తిండి తిని పండుకోని ఉంటాడు వాడు, పాపం."

ఎవరికో నవ్వు వచ్చింది గానీ మామ ముఖం చూసి ఆపుకున్నారు. గుడి వైపు నుంచి గంట వినిపించింది. జనం త్వరత్వరగా లోపలికి పోతున్నారు.

"మామా, దానికేముంది," అన్నాడు అన్న. "వీధి నిండా పట్టుసీరల అంగళ్ళే. ఒకటి తీసుకుందాం. ఇంగా మంచిది."

"నా కాలు బాగైతే ఇంగొగని కాలు తొక్కిన సీర ఇయ్యాల్నా?" అన్నాడు మామ. అంతే, ఆ మాట అక్కడితో ముగిసింది.

పెద్దమ్మ ఇంకొక దారి తీసింది. "ఏమప్పా, ఆ పిల్ల ఇరవై రెండు బావుల నీళ్ళు పోసుకోని కట్టింది. ఇప్పుడు ఈ ఊర్లో దానికంటే మడి మనిషి ఎవురుండారు సెప్పు?"

మామ నవ్వాడు. నవ్వి, తల అడ్డంగా ఊపాడు. "ఒకరు కట్టిడిసిన సీర అమ్మకెట్ల కట్టిస్తునక్కా. మనసొప్పదు. పోనీలే, ఇంగో తూరి వస్తాం."

ఇంకోసారి వస్తామనే మాట అబద్ధమని అక్కడున్న అందరికీ తెలుసు. ఎమ్మిగనూరు ఎక్కడ, రామేశ్వరం ఎక్కడ. ఈ ప్రయాణానికే ఏడాది పొడుగునా కూడబెట్టాం. మామ చీరను మళ్ళీ మడుస్తున్నాడు. ఒక్కడే, మోకాళ్ళ మీద పెట్టుకుని, అంచు మీద అంచు. చేతులు వాటంతట అవే పని చేసుకుపోతున్నాయి.

అత్త అప్పటిదాకా నన్ను తిడుతూనే ఉంది. ఉన్నట్టుండి ఆపేసింది. ఇసుక మూటను నా చేతికిచ్చి, రొంటిన దోపుకున్న చిన్న సంచి తీసింది. దాంట్లోంచి రవిక గుడ్డ తీసి మామ ముందర పెట్టింది.

"ఇది ఆ పడుగుదే గదా. ఆ కాలితో నేసిందే గదా. ఒగరు కట్టింది గాదు, కుట్టింది గాదు."

మామ గుడ్డను చూశాడు గానీ ముట్టుకోలేదు. "అది నీకని నేసినా మే."

"నాకిచ్చినంక నాదే గదా. నాది నేను ఎవురికన్నా ఇచ్చుకుంటా. ల్యాయ్, తలుపులేస్తారు."

"బుట్ట సేతులు పెట్టించుకుంటానంటివి గదే," అంది పెద్దమ్మ. ఎగతాళికి కాదు. గొంతు మెత్తగా ఉంది.

"అమ్మే పెట్టించుకుంటాదిలే," అంది అత్త, అప్పటికే నాలుగు మెట్లు దిగిపోయి.

అంత పొడవు వసారాలో పరుగెత్తాం. ముందు అత్త, వెనక పళ్ళెంతో మామ, వెనక మేం. నేను మామ కాలినే చూస్తూ పరుగెత్తాను. ఆయన కాలు సంగతే మర్చిపోయి బాగానే పరుగెత్తాడు.

అమ్మవారి సన్నిధిలో మేమే కడపటివాళ్ళం. మొక్కింది చీరైతే గుడ్డ ఎందుకు తెచ్చామో పూజారికి చెప్పాలి కదా. ఆదోని అన్న ముందుకు వచ్చి తన అరవం మొదలుపెట్టాడు. చీర అన్నట్టు రెండు చేతులూ చాచాడు, లేదు అన్నట్టు "ఇల్లె, ఇల్లె" అన్నాడు, నన్ను చూపించాడు, సముద్రాన్ని చూపించాడు, కాలు ఎత్తి మగ్గం తొక్కి చూపించాడు. పూజారి అంతా ఓపికగా చూసి, "తెలుగులో చెప్పండి బాబూ, నాకు వచ్చు" అన్నాడు.

మామ రెండు ముక్కల్లో చెప్పాడు. ఏదీ దాచలేదు. పూజారి రవిక గుడ్డను తీసుకుని, వేలితో తడిమి, "మీరే నేశారా?" అన్నాడు. "ఈ కాలే," అన్నాడు మామ. పూజారి నవ్వి లోపలికి పోయి, గుడ్డను అమ్మవారి పాదాల దగ్గర పెట్టి హారతి ఇచ్చాడు. అందరూ కళ్ళు మూసుకుని దండం పెట్టారు. అత్త మాత్రం కళ్ళు మూయలేదు. హారతి వెలుగు ఉన్నంతసేపూ మునివేళ్ళ మీద లేచి ఆ గుడ్డనే చూసింది.

సత్రానికి వచ్చి తిన్నామనిపించాం. అప్పుడు నేను భయపడుతూ అడిగాను, రైలుకు ఏ చీర కట్టుకోవాలని.

"ఆమె తీసుకోకపాయె. నువ్వు కట్టుకుంటివి. ఇంగ నువ్వే కట్టుకో," అంది అత్త. మామ మడిచిన చీరను నా మీదికి విసిరేసింది. "తప్పు లేని సీర ఇంట్లో ఒగటన్నా ఉండనీ."

రైలు పాంబన్ వంతెన మీదికి వచ్చేసరికి నెమ్మదించింది. కింద నీళ్ళు తప్ప ఇంకేమీ లేవు. వచ్చేటప్పుడు భయంతో కళ్ళు మూసుకున్నాను, ఈసారైనా చూడాలని కిటికీ పక్కకు చేరాను. కళ్ళు చాలలేదు. వంతెన దాటి నేల తగిలాక లేవబోతే చర్రుమని శబ్దం. కిటికీ చెక్కకు ఒక మేకు ఉంది. చీర కొంగు కింద, జానెడు దూరంలో, వేలు పట్టేంత చిరిగింది.

అత్త కొంగు లాక్కుని చూసింది. మామకు చూపించింది. పెద్దమ్మ తొంగి చూసింది. ఎవరు ముందు నవ్వారో తెలియదు. అత్త అయితే కడుపు పట్టుకుని నవ్వింది.

"ఇప్పుడాయె మనింటి సీర!" అంది.

మద్రాసులో దిగినప్పుడు మిషను కుట్టే అంగళ్ళ ముందు నుంచే నడిచాం. అత్త అటు చూడలేదు. నేను చూశాను.

మామ కాలు ఆయన పోయేదాకా బాగానే ఆడింది. ఆ తర్వాత ఎప్పుడు పడుగు చివర మిగిలినా నేను గుర్తు చేసేదాన్ని. రామేశ్వరం తర్వాత మామతో నేరుగా మాట్లాడటం నాకు అలవాటైంది. ఒకసారి ఆకుపచ్చ రంగుది రెండు మూరలు మిగిలితే, "మామా, అత్తకు" అన్నాను. నేసి ఇచ్చాడు. ఎమ్మిగనూరులోనే కుట్టించాం, బుట్ట చేతులు పెట్టించాం. అత్త తొడుక్కుని, అద్దంలో చూసుకుని, "బాగుండాది గానీ, ఆ రంగు రాదు" అంది. ఆ తర్వాత ఏ రవిక తొడిగినా అదే మాట. నన్ను మాత్రం ఇంటికి చుట్టాలు వచ్చినప్పుడల్లా "ఇదో, ఈమే అమ్మవారి సీర కట్టుకునింది" అని చూపించేది. వాళ్ళు నాకు దండం పెట్టాలో తిట్టాలో తెలియక నిలబడేవాళ్ళు.

ఆ చీర చాలా ఏళ్ళు కట్టాను. చిరుగును అత్తే వంకాయ రంగు దారంతో కుట్టింది. నేను అక్కడే వేలు పెట్టి తిప్పుతుంటే చేతి మీద కొట్టేది.

ఇంతే నాకు గుర్తున్నది. రాసిందంతా ఒకసారి చదువుకుంటే ఎన్ని తప్పులో నాకే కనిపిస్తున్నాయి, కనిపించనివి ఇంకెన్నో. పిల్లలు దిద్దిస్తామన్నారు. కొన్ని దిద్దండి, అన్నీ వద్దు అన్నాను. మా వీధిలో తప్పు పడిన చీరను ఇంట్లోవాళ్ళు వంక పెట్టకుండా కట్టుకునేవాళ్ళు. చదివే మీరు కూడా ఇంటివాళ్ళే అనుకుని నా తప్పులు మన్నించండి.